కెమెరాకు పెట్టిన బొట్టు

పొద్దుటి నుంచి డానియల్ స్టేషన్ మెట్ల మీద కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. ఎదురుగా వేపచెట్టు కింద యాభైమంది గొర్లకాపరులు. పోలీసు బండే బీరన్నను గుద్దిందని వాళ్ళ మాట. తలకు దెబ్బ తగిలి బీరన్న అచ్చంపేట దవాఖానలో సోయి లేకుండా పడున్నాడు. బండి నడిపింది డానియల్. నేరం రుజువైతే ఉద్యోగం గోవిందా.

నిజానికి గుద్దింది ముందు పోయిన డీసీఎం వ్యాను. అది ఆగలేదు, వెనకొచ్చిన డానియల్ ఆగాడు. ఆగి బీరన్నను బండిలో వేసుకున్న పాపానికి నింద అతని మెడకు చుట్టుకుంది.

"ఫికర్ ఎందుకయ్యా? బండిల కెమెరా ఉన్నది గదా," అన్నాడు ఎస్సై.

డానియల్ ఫికరంతా ఆ కెమెరాతోనే. దసరాకు పోలీసులు తుపాకులకు, బండ్లకు పూజ చేస్తారు. ఈసారి కొత్తగా కెమెరా వచ్చె, దాన్ని మాత్రం చిన్నబుచ్చుతారా? ఎస్సై స్వయంగా బొటనవేలితో తడి కుంకుమ అద్దాడు. ఇంత బండిలో ఇంకెక్కడా జాగా లేనట్టు, సరిగ్గా దాని కంట్లోనే పెట్టాడు మహానుభావుడు.

ఎస్సై తన గదిలో వీడియో పెట్టాడు. బీరన్న భార్య గుర్వమ్మ ముందుకు వంగింది. తెరంతా ఎరుపు.

"గిదేంది సారూ? అంత మాయం చేసిన్రా?"

అంతలో ఆ ఎరుపులోంచి మాటలు వినబడ్డాయి. కెమెరాలో మాటలు కూడా పడతాయని డానియల్‌కు తెలియదు.

"కెమెరా మీద బొట్టున్నది, తుడువన్నా. సారు పెట్టింది, నేను ముట్ట." ఆ రోజు బండిలో డానియల్ పక్కన కూర్చున్న కానిస్టేబుల్ పరమేష్ గొంతు.

"నేనా? చర్చికి పోయెటోడు బొట్టు తుడిచిండంటరు. నాకెందుకు తియ్యి."

కాసేపు ఇంజను చప్పుడు. దూరంగా ధన్‌మని మోత. "అరే, డీసీఎం గుద్దిందన్నా! ఆపు, ఆపు!" తలుపు చప్పుడు. "కాకా, భయపడకు. నేనున్న." అది డానియల్ గొంతు.

ఎస్సై టేబుల్ మీద కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు. డానియల్ మీది నింద పోయింది, కానీ తలెత్తలేకపోయాడు.

"తుడిస్తే ఆ బండి నంబర్ కనవడుతుండె గదా బిడ్డా," అంది గుర్వమ్మ. తిట్టినా బాగుండేది.

ఆమె విసురుగా బయటికి నడిచింది. నేరుగా బండి దగ్గరికి పోయి తలుపు తీసింది. "గింత బొట్టుకా మీ భయం? నేను తుడుస్త, నన్నెవడేమంటడో చూస్త!" అని కొంగు పట్టుకుని చెయ్యి చాపింది.

డానియల్ ఉరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా. కాక ఇంక కండ్లు తెరవలే. నువ్వు బొట్టు తుడవొద్దు."

యాభైమంది చూస్తున్నారు. జేబురుమాలు నీళ్ళతో తడిపి, డానియల్ తానే తుడవడం మొదలుపెట్టాడు. ఎండిన కుంకుమ ఒకపట్టాన పోలేదు.