బూడిద ముందు నల్లపెట్టె

అమెరికాలో కైబాబ్ కొండ కింద పైన్ చెట్ల గింజలు ఏరుకునే రోజుల్లో హాస్కెల్ దొర మళ్లీ దిగాడు. కిందటేడు వచ్చినప్పుడు కంచరగాడిద మీద ఫోటోలు తీసే నల్లపెట్టె, ఒక మూటెడు ఈకల కిరీటాలు తెచ్చుకున్నాడు. అక్కడి పైయూట్ తెగవాళ్లని వాళ్ల గుడిసెల ముందే నిలబెట్టి, వాళ్లలో ఎవరూ పుట్టి బుద్ధెరిగాక పెట్టుకోని ఆ కిరీటాలు తగిలించి ఫోటోలు తీశాడు. అలా ఉంటేనే తన ఊళ్లో జనం నమ్ముతారట.

ఈసారి బహుమతి తెచ్చాడు. నవ్వుతూ ఆ తెగలోని సియావ చేతిలో పెట్టాడు. కిందటేడు తీసిన ఫోటో. అట్టముక్క మీద ఆమె గుడిసె, గుడిసె ముందు ఆమె మొగుడు.

ఆ మనిషి వసంతంలో పోయాడు. ఆచారం ప్రకారం గుడిసె, విల్లు, కుందేలు తోళ్ల దుప్పటి అన్నీ తగలబెట్టి, ఆ చోటు వదిలేసి అందరూ వాగు ఇవతలికి మకాం మార్చారు. అతని పేరు కూడా ఎవరూ ఎత్తడం లేదు. పోయినవాడిది ఏదైనా మిగిలితే దాన్ని పట్టుకుని ఇక్కడే వేలాడతాడు, అవతలికి పోలేడు. ఏదీ మిగల్చలేదన్న నిమ్మళంతోనే ఆమె ఆర్నెల్లు నెట్టుకొచ్చింది.

దొర భాష కాస్త వచ్చిన మరిది తుంపి మెడ చాచి చూశాడు.

“ఆ ఈకలు అన్నయ్యవి కావు వదినా. చొక్కా కూడా దొరదే. దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదేమో.”

“మరి మొహం ఎవరిదిరా? అది కూడా దొర మూటలోంచే తీశాడా?”



ఒక్క పూటైనా దాచుకోవాలని సియావ ప్రాణం కొట్టుకుంది. అందుకే ఆలస్యం చేయకుండా పొయ్యిలో పడేసింది. దొర లబలబలాడాడు. తుంపి సంగతి చెప్పాక తగ్గి, ఓదార్పుగా ఏదో అన్నాడు.

“ఏమంటున్నాడు?”

“దిగులు పడొద్దట. అసలుది గాజుపలక మీద ఉందట, పట్నంలో బీరువాలో భద్రంగా పెట్టారట. నూరేళ్లయినా చెరగదట. ఎన్ని కావాలంటే అన్ని తీసిస్తాడట.”

“పగలగొట్టమను.”

“అది సర్కారుదట వదినా. పగలగొడితే ఉద్యోగం ఊడుతుందట.”

సియావ దొరని రెక్క పట్టుకుని, పెట్టెతో సహా వాగు దాటించి, ఎవరూ అడుగుపెట్టని ఆ కాలిన చోటికి తీసుకెళ్లింది. తుంపి దాటలేదు. ఇవతలి గట్టు మీదే ఆగిపోయాడు.

“అప్పుడు పెట్టిన చోటే పెట్టె పెట్టమను!” అని అరిచింది.

తుంపి అరిచి చెప్పాడు. దొర పెట్టె పెట్టాడు. ఎదురుగా బూడిద తప్ప ఏమీ లేదు.

“ఫోటో తీసేటప్పటిలా గుడ్డ కప్పుకోమను!”

కప్పుకున్నాడు.

“ఫోటోకి కదలొద్దని మా ఆయనకి చెప్పింది ఈయనే. జన్మలో ఒకరి మాట విన్నది ఆ ఒక్కసారే. ఆ గాజులో ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. అయిపోయింది, వెళ్లొచ్చని ఈయనే చెప్పాలి. నేను చెబితే వినడు.”

తుంపి గొంతు చించుకుని మొత్తం చెప్పాడు. ఆ మాట మీ భాషలో ఎలా అనాలని దొర గుడ్డలోంచే అడిగాడు. తుంపి నేర్పాడు. దొర రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అన్నాడు.

“చాలు. ఇక వెళ్లు.”

సియావ ఆ బూడిదలో కూలబడి, మనిషి పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా దొర గుడ్డ కిందనుంచి బయటికి రాలేదు.