తల్లికి ఒక్క నిమిషం

"వదిన గురించి ఏం రాసుకోమంటారన్నా?" అని అడిగాడు ఎర్కెబులాన్, ఒళ్ళో కాగితాలు సర్దుకుంటూ.

ఆ వదిన, ఉల్మెకెన్, అప్పుడే అతని ముందు టీ పెడుతోంది. ఆమె భర్త సెయిల్‌బెక్ పైకప్పు వైపు చూశాడు. "దాని గురించి ఏముంటుందయ్యా. ఇల్లు చూసుకుంటుంది. బౌర్సాకులు బాగా వేయిస్తుంది. ఏదో ఒకటి పెట్టెయ్" అన్నాడు. ఎర్కెబులాన్ తలూపి కాగితం మీద ఆమె పేరు పక్క గడిలో చిన్న గీత గీశాడు. ఆ గీతను ఆమె కళ్ళారా చూసింది. చూసి, నూనెలో వేగుతున్న ఆ పిండి ఉండలు మాడిపోతాయని వంటింట్లోకి పరుగెత్తింది.

తరాజ్ ఊళ్ళో సెయిల్‌బెక్‌ను మించిన అసబా లేడు. పెళ్ళి విందుల్లో మైకు పట్టుకుని ఎవరిని ఎప్పుడు లేపాలో, ఎవరిని ఏ మాటతో పొగడాలో, ఎవరి దీవెన తర్వాత ఎవరిది రావాలో చూసుకునేవాడే అసబా. మంచి అసబా దొరక్కపోతే పెళ్ళి తేదీలు మార్చుకునేవాళ్ళున్నారు. అయితే ఎంతటి అసబా అయినా తన ఇంటి విందులో మైకు పట్టకూడదు. పిల్ల తండ్రిగా పై వరసలో కూర్చోవాల్సిందే. అందుకని కూతురు అర్దక్‌ను సాగనంపే విందుకి ఈ ఎర్కెబులాన్‌ను మాట్లాడుకున్నారు. అతను పద్ధతి ప్రకారం నాలుగు రోజుల ముందే వచ్చి, పిలవబోయే మనుషుల వివరాలు రాసుకుంటున్నాడు. ఆ వివరాలతో ఒక్కొక్కరికి రెండేసి పద్యపాదాలు కడతారు. ఆ పాదాలు చదివి మనిషిని మైకు దగ్గరికి పిలుస్తారు.

ఈ పని ఎలా ఉంటుందో ఉల్మెకెన్‌కు ఒకరు చెప్పాలా? ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో అది ఆమె పనే. కొత్తలో సెయిల్‌బెక్ ఒక పెళ్ళిలో వియ్యంకుల కంటే ముందు పెళ్ళికూతురి మేనమామలను లేపాడు. వియ్యంకులు మర్యాదగా తమ ముందు పెట్టిన గొర్రె తలను ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయారు. తర్వాత మూడు నెలలు ఆయన్ని పిలిచిన నాథుడు లేడు. అప్పుడు కలం పట్టింది ఈమె. రెండిళ్ళకూ ఫోన్లు చేసి ఆడవాళ్ళతో పిచ్చాపాటీ మాట్లాడుతూ ఎవరికెవరితో మాటల్లేవో, ఏ పెద్దాయనకు పింఛను కంటే పతకమే ముఖ్యమో, ఏ తోడికోడలు ముక్కు మీద కోపమో అన్నీ లాగేది. వరస పేర్చేది. పాదాలు కట్టేది. తడబడతామని భయపడే తల్లిదండ్రులకు చదువుకోవడానికి నాలుగు ముక్కలు కూడా రాసిచ్చేది. గొంతు మాత్రం ఆయనది. భుజాల మీద కప్పిన జరీ అంగీలు ఆయనవి. "ఇంత చక్కటి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి సెయిల్‌బెక్" అని ఎవరైనా అడిగితే ఆయన అరచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచేవాడు. పోయిన అత్తగారైతే, మొగుడు గొంతు చించుకుని సంపాదిస్తుంటే పక్కన కూర్చుని గీకడం కూడా ఒక పనేనా అనేది. కడుపులో ఉన్నది అబ్బాయేమో అని ఆశపడి, 'అబ్బాయేనా' అనే అర్థమొచ్చేలా ఆ ఆశనే పేరుగా పెట్టిన అమ్మానాన్నల కూతురు ఉల్మెకెన్. ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు.

కానీ సాగనంపే విందులో తల్లికి ఒక్క నిమిషం ఉంటుంది. తండ్రి మాట్లాడాక మైకు తల్లి చేతికి ఇస్తారు. ఆ నిమిషాన్ని ఎవరూ కత్తిరించలేరు, ఎవరూ అడ్డు రాలేరు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా మైకు పట్టుకోని ఆ మనిషి వేసవంతా ఆ ఒక్క నిమిషం కోసమే బతికింది. పిండి కలుపుతున్నా, కోడళ్ళ వంకలు చెప్పడానికి వచ్చిన ఆడపడుచు ముందు తల ఊపుతున్నా, లోపల మాటలు ఒక్కటొక్కటే పేర్చుకునేది. చేసిన పొరపాటల్లా వాటిని అలవాటు కొద్దీ, ఆయన విందుల పాదాలు రాసే పాత నోటుపుస్తకంలోనే రాసుకోవడం. సెయిల్‌బెక్ చూశాడు. ఇది బాగుంది, ఇది తండ్రి నోట పడితే హాలంతా ఏడుస్తుంది, ఇది నాకిచ్చెయ్ అన్నాడు. ఇచ్చింది. వారం పోయాక ఇంకొకటి తీసుకున్నాడు. అదీ ఇచ్చింది. బిడ్డ మీద ప్రేమకు కొదవా, మాటలు మళ్ళీ పుడతాయిలే అనుకుంది. పిచ్చి మొహం.

విందు రోజున సెయిల్‌బెక్ లేచి నిలబడగానే గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "తల్లీ, మన గడప దగ్గర నీ చెప్పులు విడిచే చోట ఇక ఎవరి చెప్పులూ పెట్టనివ్వను. రేపు పొద్దున వచ్చినా, పదేళ్ళకొచ్చినా ఆ జాగా నీదే" అన్నాడు. ఆయన గొంతు సరిగ్గా పగలాల్సిన చోట పగిలింది. మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అర్దక్ మేలిముసుగు చేత్తో పట్టుకుని పరుగున వచ్చి తండ్రి మెడ చుట్టేసింది. గడప దగ్గర కూతురి చెప్పులు పక్కకి జరిపి ఊడుస్తూ, చీపురు పట్టుకునే ఏడ్చి ఆ మాట అనుకున్నది ఉల్మెకెన్. బల్లకి ఇవతల కూర్చుని తన బిడ్డ తన మాటకు కరిగి వేరొకరిని కౌగిలించుకోవడం చూసింది.

అప్పుడు ఎర్కెబులాన్ ఆమె వైపు తిరిగి, "పొయ్యి ఆరనివ్వని చెయ్యి, పేరు చెప్పుకోని తల్లి! ఇల్లంతా తానై ఉండి, ఎక్కడా కనపడని తల్లి!" అని రాగం తీశాడు.

ఆ పాదాలు ఉల్మెకెన్‌వే. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక కుటుంబం పెళ్ళికొడుకు తల్లి గురించి చెప్పడానికేమీ లేదంటే, ఖాళీ నింపడానికి కట్టింది. ఏ తల్లికైనా అతుకుతాయని సెయిల్‌బెక్ వాడాడు, విన్న అసబాలందరూ వాడుకున్నారు. ఇంట్లోవాళ్ళకు గుర్తు రాని ఎంతమంది ఆడవాళ్ళను ఆ రెండు ముక్కలతో లేపి నిలబెట్టారో లెక్కలేదు. ఇప్పుడు ఆమె వంతు వచ్చింది.

మైకు తీసుకుంది. నోరు తెరిచింది. నీ అత్తింటి పొయ్యి చల్లారకుండా అని మొదలుపెట్టబోయింది. అది ఒక డాక్టరు భార్యకు రాసిచ్చింది. నిన్ను కన్న రోజు మంచు కురిసింది అందామనుకుంది. అది కిందటేడు ఎవరికో ఇచ్చేసింది. ఏ మాట తడిమినా ఎప్పుడో ఎవరి నోట్లోనో పెట్టేసినదే. ఎదురుగా అర్దక్ తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడి, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. అమ్మా, బంగారం అన్నా చాలు. అదీ రాలేదు. ఎర్కెబులాన్ మంచివాడు, తల్లి కన్నీరే దీవెన అని చెప్పి సంగీతం పెట్టించాడు. ఆమె కంట నీటి చుక్క లేదు. పాపం దానికి నలుగురిలో మాట్లాడటం ఎక్కడొచ్చు అంది ఆడపడుచు, పక్కావిడకు వినపడేలా.

మూడో రోజు పొద్దున్నే అర్దక్ అత్తింటి నుంచి ఫోన్ చేసింది. అక్కడ అందరూ నాన్న మాటల్నే చెప్పుకుంటున్నారట, అత్తగారు ఆ వీడియో వచ్చినవాళ్ళందరికీ వేసి చూపిస్తోందట. చివర్లో, "నువ్వేంటమ్మా అలా నిలబడిపోయావు? నాకు తల కొట్టేసినట్టయింది" అంది.

ఉల్మెకెన్ గోడకు ఆనుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎవరితోనూ అనని మాట అంది. "నాన్న చెప్పినవి నేను రాసినవేనమ్మా. చెప్పుల మాట నాది."

అటు నుంచి చిన్నగా నవ్వు వినపడింది. ఆ నవ్వులో వెటకారం లేదు, ఉంటే బాగుండేది. "ఆయన చెప్పగా చెప్పగా విని నీకు కంఠతా వచ్చేసి ఉంటాయిలే. సర్లే అమ్మా, టీ పొయ్యాలి, లోపల పిలుస్తున్నారు" అని పెట్టేసింది.

ఫోన్ చేతిలో అలాగే ఉంది. సెయిల్‌బెక్ వచ్చి శనివారం పెళ్ళి వాళ్ళ కాగితాలు బల్ల మీద పడేశాడు. మూడు వందలమంది వస్తారని, జిల్లా నుంచి పెద్దవాళ్ళున్నారని, వరస జాగ్రత్తగా చూడమని చెప్పాడు. "పెళ్ళికొడుకు తల్లి గురించి ఏం లేదన్నారు. మామూలుదే పెట్టెయ్."

"నా దగ్గర మాటలు లేవండి. అయిపోయాయి" అంది.

"మాటలు అయిపోవడమేంటే, బస్తాలో పిండా?" అని నవ్వి, శుక్రవారానికల్లా కావాలని చెప్పి స్నానానికి వెళ్ళాడు.

ఆమె ఆ కాగితాలు దొంతరగా పేర్చి, ఒక్క అక్షరం రాయకుండా, ఆయన సంచిలో పెట్టింది. శుక్రవారం రాశావా అని అడిగితే సంచిలో ఉన్నాయంది. చూసుకోలేదాయన, ఎప్పుడూ చూసుకోడు. శనివారం జరీ అంగీ వేసుకుని, అద్దంలో మీసం సరిచేసుకుని బయల్దేరుతుంటే ఉల్మెకెన్ తలుపు దాకా వచ్చింది. మైకు పట్టుకుని ఆయన ఈ రోజు ఏం చెబుతాడో ఆమెకు తెలియదు. ఇరవై రెండేళ్ళలో తెలియకపోవడం ఇదే మొదటిసారి.