గేటు ముందు పాపమ్మ

మా ఏట్లో ఒకప్పుడు ఎంతేసి చేపలుండేవంటే, అవి గురక పెడితే తోట కూలీల లైను ఇళ్లలో పిల్లలకి నిద్ర పట్టేది కాదు. నమ్మకపోతే మా పాపమ్మనడగండి. ఇప్పుడు అడగలేరనుకోండి. పోయిన నెల నా పెళ్లాం కుండలోకి కాపురం మార్చింది.

"నన్ను మన ఏట్లోనే కలుపు" అని చెప్పి పోయింది. కుండ పట్టుకుని గట్టు దిగినాను. దిగితే ఏరేదీ? నీళ్ల కంపెనీ పంపుహౌసు గొట్టంలోంచి ఊరందరి మరుగుదొడ్డీ నల్లగా పారుతోంది. పంపు చెడి ఏడాది దాటింది, బాగుచేసే నాథుడు లేడు. ఉడుములు కూడా ముక్కు మూసుకుని అవతలి గట్టుకి వలసపోయినాయి. కుండ మూత తియ్యలేక వెనక్కి తెచ్చేసినాను.

అస్థికలు ఇంట్లో ఉంచితే మైల. తోట పోయినాక మేం చేరిన ఫ్లాట్ల మెట్ల మీద జనం నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. రోజూ టీకి వచ్చే, వరసకి బావమరిది అప్పడు రావడం మానేసినాడు. నేనూ, కుండా మిగిలినాం. అలవాటుకొద్దీ రెండు గ్లాసులు పోసి, రెండూ నేనే తాగేవాణ్ణి. పాపమ్మ ఇప్పుడు తగువాడదు. అదే కష్టం.

కంపెనీ ఆఫీసుకి పోయినాను. ఆఫీసరు ప్రేమ్‌నాథ్ మర్యాదస్తుడు, కుర్చీ వేసినాడు.

"తాతా, కంప్లైంటు మీ ఒక్కరిదే. ఇంకెవరికీ ఇబ్బంది లేదు. సముద్రం దగ్గరే కదా, అక్కడ కలపండి లా" అన్నాడు తమిళంలో, ఇక్కడి వాళ్లందరిలాగే చివర ఓ "లా" తగిలించి.

ఆ సాయంత్రం పక్కింటి ఎర్రమ్మ గుమ్మంలో నిలబడి కసిరింది. "మావా, ఆ కుండెప్పుడు తీస్తావు? పిల్లలు జడుస్తన్నారు."

"ఏటి సెయ్యమంటావే? ఏరు పాడయింది నా ఒక్కడికేనట. ఆఫీసరు సెప్పినాడు."

ఎర్రమ్మ మొహం మారింది. "మా సిన్నదాని కాళ్లకి పుళ్లు లేస్తే పోయి అడిగినాను. నీ ఒక్కదానికేనమ్మా అన్నాడు."

అడిగితే ఫ్లాట్లలో సగం మంది అలాంటి ఒక్కళ్లే.

కింద షెడ్డులో మీటింగు పెట్టినాం. అప్పడు లేచినాడు. "ముందు ఆ మైల కుండని సముద్రంలో కలపండి. పోరాటం తరవాత."

"మైల కుండలో ఉందా సిన్నాన్నా, ఏట్లో ఉందా?" అంది ఎర్రమ్మ.

అప్పడు కూర్చున్నాడు.

తోట రోజుల్లో పొద్దున్నే పెరట్టు ఉండేది. దొర ముందు వరసగా నిలబడి, పేరు పిలిస్తే పలకాలి. ఈసారి కంపెనీ గేటు ముందు మా పెరట్టు మేమే పెట్టుకున్నాం. ఒక్కొక్కరి చేతిలో ఏటి నీళ్ల బకెట్టు. ఎర్రమ్మ పేర్లు పిలిచింది.

"గోపాలసామి."

"ఉన్నాను."

"శాంతాదేవి."

"ఉన్నాను."

"పాపమ్మ."

ఎర్రమ్మే నా చేతిలోంచి కుండ తీసి పైకెత్తింది. జనమంతా ఒక్కసారిగా పలికినారు, "ఉంది."

పోలీసులొచ్చినారు. పెద్దమనిషినని ముందు నన్నే బండెక్కించినారు. కుండ మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం ఒక్కడికీ ధైర్యం చాల్లేదు.

లాకప్పులో ఒకటే గ్లాసు టీ. దాన్ని చూస్తూ కూర్చున్నాను, తాగబుద్ధి కాలేదు. మర్నాడు అప్పడు చూడ్డానికి వచ్చినాడు.

"బావా, గేటు కాణ్ణుంచి ఎవరూ లేవలేదు. మిగతా ఫ్లాట్లోళ్లూ బకెట్లతో వచ్చినారు. పంపు తిరిగేదాకా కదలరట. వరస అల్లక్కడ పోర్ట్ క్లాంగ్ రేవు దాకా ఉంది."

అబద్ధాలు నా దగ్గరే నేర్చినాడు.

"పాపమ్మో?"

"గేటు కాడే ఉంది. పక్కన నానే కూకుంటన్నాను."

తిరిగి పోబోతూ ఊచల దగ్గర ఆగినాడు.

"రెండు గ్లాసులు పోస్తన్నాను, బావా."