నోరు మెదపని పేషెంటు

ఎడమకి తిప్పాలి, ఎడమకి, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది పెద్ద సిస్టర్‌కి. ఈ రోజు తను గుండెనొప్పితో స్పృహ తప్పిన పేషెంటు. రేపే కొత్త ఆసుపత్రి తెరుస్తారు. గేటు నుంచి ఆపరేషన్ గదికి నాలుగు నిమిషాల్లో చేర్చగలరో లేదో చూద్దామని ఈ రిహార్సల్ పెట్టిందీ, స్ట్రెచర్ ఎక్కి పడుకున్నదీ తనే. ఆరు నెలలుగా ఇక్కడ ఏ పనైనా తను చెబితేనే కదిలింది. తను లేకపోతే వీళ్ళేమైపోతారో అన్న భయం లోలోపల తనకి ఇష్టంగానే ఉండేదని, పైకప్పు దీపాలు ఒక్కొక్కటే వెనక్కి జారుతుంటే ఇప్పుడు తెలిసింది. స్ట్రెచర్ చక్కగా ఎడమకే తిరిగింది.

లిఫ్టులో పెయింటర్ల నిచ్చెన అడ్డంగా ఉంది. ఆమె గబుక్కున తల ఎత్తింది.

"పడుకోండక్కా! స్పృహ లేనివాళ్ళు తల ఎత్తరు," అని కసిరింది చిన్న సిస్టర్. వెంటనే స్ట్రెచర్ తోసే ఆయనతో, "బాబాయ్, ర్యాంపు మీదుగా పోదాం, పద!" అంది.

"పేషెంటు బరువు ముందే చెప్పొద్దూ తల్లీ!" అన్నాడాయన, రొప్పుతూనే నవ్వుతూ.

పైన ఎలక్ట్రీషియన్ ఆపరేషన్ గది తలుపులు బార్లా తీసి, "ఇంకా నిమిషం ఉంది, రండి రండి!" అని కేకేశాడు.

ఆమె గుండె సంతోషంతో నిజంగానే దడదడలాడింది. గట్టిగా పట్టుకున్న స్ట్రెచర్ కమ్మీని వదిలేసి, కళ్ళు మూసుకుంది.