లింగం బైండింగు రిజిస్టరు

లైబ్రేరియన్ ఇందుజకు తన సాఫ్ట్‌వేర్ మీద ఎంత నమ్మకమంటే, సూరత్‌లోని ఆ మెడికల్ కాలేజీ లైబ్రరీలో ఎవరైనా "పరిశోధన పేపరు దొరకలేదండీ" అంటే, "మీరు సరిగ్గా వెతికి ఉండరు" అనేది. ఆ మాట గుచ్చుకునేదే. అయినా నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఆమె మాటే నిజమయ్యేది. పేపరు పేరు పక్కన బటన్ నొక్కితే చాలు, కాలేజీ చందా కట్టిన వేల జర్నళ్లలో అది ఎక్కడుందో సాఫ్ట్‌వేరే వెతికి తెరిచేస్తుంది. పట్టుబట్టి దాన్ని తెప్పించింది ఆమే.

నూరోసారి పిల్లల సర్జన్ డాక్టర్ పరుశురాం వచ్చాడు. ఊళ్లో అడాజన్ పేటలో ఇద్దరిదీ ఒకే హౌసింగ్ సొసైటీ, అయినా ఆయనకు మొహమాటం లేదు.

"1998 నాటి పేపరమ్మా. నాలుగుసార్లు నొక్కాను, నాలుగుసార్లూ మన దగ్గర లేదనే వచ్చింది. మూడింటికి లైబ్రరీ కమిటీ ఉందిగా, నీ బటన్ ఉండాలో వద్దో అక్కడే తేల్చేద్దాం."

ఇందుజ చందా చూసింది, లింకు చూసింది, పాస్‌వర్డు చూసింది. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. పేపరు మాత్రం లేదు. గడియారం రెండు దాటింది. మొదటిసారి ఆమెకు భయమేసింది.

వెనకాల అటెండరు లింగం పాత కాగితాలు గోనెసంచిలో కుక్కుతున్నాడు. తెలంగాణ నుంచి వలసొచ్చి, పాతికేళ్లు ఈ జర్నళ్లన్నీ బైండు చేసిన మనిషి. అన్నీ కంప్యూటర్లోకి వచ్చాక బైండింగు ఆపించింది ఇందుజే. ఇవన్నీ తుక్కు కింద అమ్మేయమని సంతకం పెట్టిందీ ఆమే.

"ఏంది మేడం, గట్ల కూసున్నరు?"

ఆమె తెర మీద ఆ పేపరు వచ్చిన జర్నల్ పేరు చూపించింది. లింగానికి ఇంగ్లిషు చదవడం రాదు, అక్షరాల ఆకారం గుర్తుపడతాడు. కాసేపు పరకాయించి చూశాడు.

"గీ పేరు బుక్కుల మీద మస్తు సార్లు అచ్చు కొట్టిన. మల్ల పేరు మారింది మేడం. కొత్తది పొడుగు, బుక్కు వెన్ను మీద పట్టలే, రెండు వరుసలు కొట్టిన. బుక్కు మాత్రం గదే."

సంచిలోంచి ఒక రిజిస్టరు లాగాడు. ప్రతి సంపుటం మీద కొట్టిన అక్షరాల నమూనా, పక్కన ఏడాది. పేరు మారిన చోటల్లా ఎర్ర గీత.

"అచ్చులు మార్చాలె గద, యాదికుండనీకి గీసిన."

2003 దగ్గర ఎర్ర గీత ఉంది. సాఫ్ట్‌వేర్‌కు కొత్త పేరొక్కటే తెలుసు. పాత పేరుతో అడిగితే లేదు పొమ్మంటోంది. ఇందుజ అందులో రెండు పేర్లనూ కలిపి ముడివేసింది.

మూడింటికి కమిటీ ముందు పరుశురాం బటన్ నొక్కాడు. పేపరు తెరుచుకుంది. ఆయన అక్కడే చదవడం మొదలుపెట్టాడు.

"సాఫ్ట్‌వేర్ ఉంటుంది" అన్నారు ప్రిన్సిపాల్ సీతాదేవి. "ఇంతకీ తప్పెక్కడ?"

"నాదే మేడం. దారి చూపించే రిజిస్టరును తుక్కులో వేయమన్నాను. లింగం పట్టుకోకపోతే రేపీపాటికి అది ఉండేది కాదు." అంతమందిలో అలా అనడం కష్టమే. అనేశాక ఆమెకు హాయిగా ఉంది.

తిరిగొచ్చి తుక్కు లిస్టు చింపేసింది. తన పక్కన ఇంకో కుర్చీ వేసింది.

"కూర్చోండి లింగం గారూ. ఎర్ర గీతలు ఎన్నున్నాయి? అన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిద్దాం."

పాతికేళ్లలో ఆ లైబ్రరీలో ఎవరూ ఆయన్ను గారూ అనలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కుర్చీ అంచున కూర్చుని రిజిస్టరు మొదటి పేజీ తిప్పాడు.

"శానా ఉన్నయ్ మేడం. జర నిమ్మళంగ కొట్టుండ్రి, ఒక్కటి గిట్ల తప్పొద్దు."