అజ్మల్ చూసిన నెలవంక

రంజాన్ నెల ఇరవై తొమ్మిదో సాయంత్రం ఇఫ్తార్ కాగానే అందరం మిద్దె ఎక్కాం. నెలవంక కనిపిస్తే తెల్లారి పండుగ. పక్క మిద్దె మీద ఎండిన మిరపకాయలు ఎత్తుకుంటున్న బుగ్గమ్మ, "హఫీజక్కా, చంద్రుడు రాకుంటే నా సేమ్యా ఎల్లుండి దాక ఆగాల్నా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను ఆకాశం చూడటం లేదు, నా కొడుకు అజ్మల్‌ని చూస్తున్నాను.

వాడు మంచాల ఊరి నుంచి ఇబ్రహీంపట్నం బడికి ఆటోలో పిల్లల్ని తీసుకొస్తాడు. షుగర్ ఉందని తెలిసి కూడా ఏళ్ళ తరబడి పట్టించుకోలేదు. చలికాలంలో కాలి పుండు మానకపోతే అప్పుడు భయపడి దవాఖానకు పోయాడు. డాక్టరు ఇన్సులిన్ రాసి, కళ్ళు కూడా చూపించుకోమన్నాడు, ఈసారి రంజాన్‌కు రోజా ఉపవాసాలు వద్దన్నాడు. వీడు సూది మొదలుపెట్టాడు, చాయ్‌లో చక్కెర మానేశాడు, కళ్ళ సంగతి మాత్రం వదిలేశాడు. నాలుగు వందల దగ్గరున్న షుగర్ చూస్తుండగానే నూట ఇరవైకి దిగింది. కోడలు కుల్సుమ్ మొహం విప్పారింది. నాకే నిద్ర పట్టలేదు. ఈమధ్య వాడు నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపి దాని పక్కన తడుముతున్నాడు. అడిగితే, "షుగర్ దిగింది గదా అమ్మీ, ఇంక కండ్లకేం ఫికర్" అంటాడు.

"అగో, గా టవర్ పక్కకు" అని కుల్సుమ్ వేలు చూపింది. సెల్ టవర్‌కు ఎడమ పక్కన, గోటితో గీసినట్టు ఉంది. నా ముసలి కళ్ళకే కనబడింది.

"చూసినవా బేటా?"

"చూసిన. మస్తు సన్నగున్నది" అని చేతులెత్తి దువా చేశాడు. వాడి మొహం మాత్రం టవర్‌కు కుడి పక్క, నీళ్ళ ట్యాంకు వైపు తిరిగి ఉంది.

దగ్గరికి పోయి మెల్లగా, "యాడున్నదో చూపియ్యి" అన్నాను.

ఎత్తిన చేతులు దించలేదు వాడు. "అందరు చూసిన్రు గదా. నేనొక్కన్ని చూడకుంటే పండుగ ఆగుతదా?"

"పండుగ ఆగది. రోడ్డు మీద ఎట్ల? ఆటోల పసిపిల్లలుంటరు."

అప్పుడు చేతులు దించాడు. "ఎడమ కన్ను మసకైంది అమ్మీ. నల్లటి దారాలు తేలుతున్నయి. చెప్తే నువ్వు ఆగమైతవని..."

"నేనెప్పుడో ఆగమైన. కొత్తగ అయ్యేదేం లేదు."

పండుగ మర్నాడు కంటి దవాఖానలో చుక్కలు వేసి, లైటు వేసి చాలాసేపు చూశారు. "ఏళ్ళనాటి షుగర్‌కు కంటి వెనక రక్తనాళాలు పాడై రక్తం కారుతోంది" అంది డాక్టరమ్మ. "షుగర్ గబగబా దిగినప్పుడు కొందరికి మొదట్లో అది ఇంకా ముదురుతుంది. అందుకే ముందే చూపించుకోమనేది."

"గా సూదే నా కొడుకు కన్ను తీసిందా డాక్టరమ్మా? ఇయ్యాల్నే బంద్ చేపిస్త."

"అంత పని చెయ్యకు. షుగర్ తగ్గడం మంచిదే. తగ్గిందని కన్ను వదిలేస్తేనే ప్రమాదం. లేజర్ చేద్దాం. పోయిన చూపంతా రాకపోవచ్చు, ఉన్నది నిలబెట్టుకోవాలి."

ఆవిడ చాలా చెప్పింది. నా చెవిలో 'రాకపోవచ్చు' ఒక్కటే నిలిచింది. అజ్మల్ బయటికి వచ్చి, తోటి ఆటో అతను ఐలేష్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, రేపటికెళ్ళి పిల్లల్ని నువ్వే తోల్కపో. నాకు కనవడ్తలేదు." ఆ మాట పరాయి మనిషికి చెప్పాడు గనక ఇక నిజమేననిపించింది నాకు.

లేజర్ అయ్యింది. సూది మానలేదు. బక్రీద్ నెలవంకకు మళ్ళీ మిద్దె ఎక్కాం. ఈసారి నేను అడగలేదు, వాడే అన్నాడు. "నాకు దొరుకుతలేదు అమ్మీ. నువ్వు చూపియ్యి."

వాడి గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పి, వేలు చూపించాను. నా వేలి చివర నుంచి ఆకాశం దాకా వెతుకుతున్నాడు. నేను ఊపిరి బిగబట్టి వాడి మొహమే చూస్తున్నాను.