పంచనామాకెక్కని గొర్రెపిల్లలు

ఆ పంచనామా రాసింది నేనే. ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, 1949 ఎండాకాలం. సూర్యాపేటలో ఒక పాత పత్తి గోదాములో తాత్కాలికంగా కోర్టు కచేరీ పెట్టారు. మున్సిఫ్ ఒక్కరే, ఊళ్లు మూడు. సోమ, మంగళవారాలు సూర్యాపేట, బుధ, గురువారాలు మిర్యాలగూడ, శుక్రవారం కోదాడ. కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి. ఆ భాష రాని జనానికి అర్జీలు రాసిపెట్టి పొట్టపోసుకునే వాళ్లలో నేనొకణ్ణి. గోదాము అరుగు మీద ఒక చాప, రాతపెట్టె, రెండు కలాలు, ముక్కు మీద కోపం, ఇదీ నా ఆస్తి. ఆ కోపాన్ని పేదవాళ్ల మీద చూపినంత ధారాళంగా పోలీసు అమీన్ మీద చూపేవాణ్ణి కాను.

సోమవారం సాయంత్రం అమీన్ కబురు పెడితే ఠాణాకు వెళ్లాను. బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. అడుగున నాలుగు వేలిముద్రలున్నాయి, పైనంతా ఖాళీ. "రాయి, లక్ష్మీనర్సయ్యా" అని చెప్పుకుంటూ పోయాడు. ఆదివారం రాత్రి ఒక ఊరి పటేల్ దొడ్డిలోంచి పదకొండు గొర్రెలు పోయాయి. సోమవారం మధ్యాహ్నం అవి సైదయ్య అనే గొల్లవాడి దగ్గర దొరికాయి. నలుగురు పంచుల సాక్ష్యంలో వాటిని జప్తు చేశారు. వేలిముద్రలు పడ్డాక రాసే పంచనామా ఎలాంటిదో నాకు తెలియక కాదు. తెలిసే రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు, ఆ రోజు కూడా అలాగే ఉంది.

మంగళవారం పొద్దున ఒక ఎడ్లబండి వచ్చి గోదాము ముందు ఆగింది. అందులోంచి ఒకటే అరుపులు. బండి దిగిన మనిషికి ముప్పయ్యేళ్లుంటాయి. నేరుగా నా చాప దగ్గరికి వచ్చింది.

"నా పేరు సత్తమ్మ పంతులూ. సైదయ్య పెండ్లాన్ని. నిన్న నా పెనిమిటిని గొర్లకాడనే పట్టుకపోయిన్రు. గొర్లు మాయి. అర్జీ రాయి."

"మీయేనని ఎట్ల చెప్తవ్? సాక్షులున్నరా?"

"బండిల ఉన్నరు" అంది.

తొంగి చూస్తే పదకొండు గొర్రెపిల్లలు. విసుక్కోబోయాను గానీ ఆమె నన్ను విసుక్కోనివ్వలేదు.

"ఇరవై దినాల పిల్లలు పంతులూ. మేతకు తోలుకపోము, ఇంటికాడ దొడ్లనే ఉంచుతం. పొద్దుగూకి తల్లులొచ్చినంక ఇడుస్తం. ఏ పిల్ల దాని తల్లికాడికే ఉరుకుతది. నిన్న మిట్టమజ్జాన్నం అమీను, పటేలు జంగల్లకొచ్చిన్రు, కండ్లకు అవుపడ్డ గొర్లను తోలుకపోయిన్రు. ఇంటికాడ పిల్లలుంటయని ఆళ్లకేం ఎరుక? ఎన్నడన్న గొర్లు కాసిన్రా?"

నా కలం ఆగిపోయింది. పటేల్ ఫిర్యాదులో గానీ, నా ముత్యాల పంచనామాలో గానీ పిల్లల ఊసే లేదు. పదకొండు పాలిచ్చే గొర్రెలు పటేల్ దొడ్డిలో ఉండి ఉంటే, వాటి పిల్లలు ఆయన దొడ్డిలో అరవాలి కదా?

"ఇప్పుడే ఇడిస్తే సూడొచ్చు" అంది సత్తమ్మ. "దినాలు గడిస్తే పిల్లలన్న సస్తయి, తల్లులన్న మర్సిపోతయి. గప్పుడు నా మాట ఎవలు నమ్ముతరు? నా పెనిమిటి జేల్లనే ఉండాలె."

అర్జీ రాసి నేనే లోపలికి తీసుకెళ్లాను. మున్సిఫ్ గారు తల వంచుకుని కాగితాల మీద సంతకాలు చేస్తున్నారు. బయట పిల్లలు అరుస్తున్నాయి.

"ఏమిటా గోల? దూరం తోలించండి" అన్నారు. జవాను పరుగెత్తాడు. నా అర్జీ ఆయన చేతికి అందింది. అందులో ఏముందో చూడకుండానే "పదిహేను రోజులు వాయిదా" అన్నారు. 'సాబ్, ఆ పంచనామా' అనే మాట నా గొంతు దాకా వచ్చింది. గుమ్మం దగ్గర అమీన్ నిలబడి నా వైపే చూస్తున్నాడు. వచ్చిన మాటను మింగేశాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

గొర్రెలు ఠాణా వెనక బందెలదొడ్డిలో ఉన్నాయి. సత్తమ్మను ఆ ఛాయలకు రానివ్వలేదు. ఆమె ఊరికి తిరిగి పోలేదు. బజారు చివర బండి విప్పించి, ఇల్లిల్లూ తిరిగి మేకపాలు అడుక్కొచ్చి, గుడ్డపీలిక ముంచి ఒక్కో పిల్ల నోట్లో పెట్టింది. బుధవారం మధ్యాహ్నం ఒక పిల్ల చచ్చిపోయింది. నేను అటుగా వెళ్లేసరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని మూతి తుడుస్తోంది. నాకు అందరి మీదా కోపం వచ్చింది. అమీన్ మీద, పటేల్ మీద, మున్సిఫ్ మీద, ఎండ మీద. అందరినీ తిట్టుకోవడం అయ్యాక మిగిలింది నేనే.

గురువారం పొద్దున్నే మోటారు ఎక్కి మిర్యాలగూడ వెళ్లాను. మున్సిఫ్ గారి కాగితాలు చూసే పేష్కార్ దానియేలుది కోదాడ, మనిషి మంచివాడు, భయస్థుడు. సంగతి విని నన్ను పక్కకు లాగాడు.

"ఈ మాట లోపల చెప్పారంటే ముందు మీ మెడకే చుట్టుకుంటదండీ. మీ రాత పని పోద్ది. ఊరుకోండి, నా మాట వినండి."

"ఊకున్నందుకే గీ తిప్పలు దానియేలూ" అని లోపలికి వెళ్లాను.

మున్సిఫ్ గారికి అంతా చెప్పాను. ముందు వేలిముద్రలు, తర్వాత నా రాత. ఆయన మొహం ఎర్రబడింది.

"మొన్న నా ముందే నిలబడ్డావు కదా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"మీరు తల ఎత్తలేదు సాబ్. నేను నోరు తెరవలేదు."

నన్ను బయటికి గెంటిస్తారనుకున్నాను. ఆయన కట్ట విప్పించి, సైదయ్య కాగితాలు తీసి, మొదటినుంచి చివరిదాకా చదివారు. రెండోసారి కూడా చదివారు. పిల్లల మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికినట్టున్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"రేపు పొద్దున సూర్యాపేట" అన్నారు.

"రేపు కోదాడలో కచేరీ ఉందండీ" అన్నాడు దానియేలు.

"కోదాడకు మధ్యాహ్నం పోదాం."

శుక్రవారం పొద్దున బందెలదొడ్డి తలుపు దగ్గర మున్సిఫ్ గారు, దానియేలు, అమీన్, పటేల్ నిలబడ్డారు. సత్తమ్మ బండిని అల్లంత దూరంలోనే ఆపించింది. "తలుపు తియ్యిన్రి" అని, ఒక్కో పిల్లను కిందికి దించింది. వాటి గొంతు వినగానే దొడ్డిలో పదకొండు గొర్రెలూ ఒక్కసారి అరిచాయి. నాలుగు రోజుల ఆకలితో కాళ్లు తడబడుతున్నా పిల్లలు ఉరికాయి. ఒకటి తప్పుడు గొర్రె దగ్గరికి పోయి, దాని కుమ్ముడుకు కింద పడి, మళ్లీ లేచి తన తల్లిని వెతుక్కుంది. అరుపులు ఆగిపోయాయి. పాలు చప్పరించే చప్పుడే వినిపించింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు. పటేల్ ఎండ పేరు చెప్పి నీడకు జారుకున్నాడు.

ఒక్క గొర్రె మాత్రం పొదుగు బిగిసి, ప్రతి పిల్లనూ వాసన చూసి వదిలేస్తూ తిరుగుతోంది.

"దాని పిల్ల ఏది?" అని అడిగారు మున్సిఫ్ గారు.

"సచ్చింది దొర" అంది సత్తమ్మ. "మీరు వాయిదా ఏసిన తెల్లారి."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అడిగినదానికి జవాబు చెప్పిందంతే. మున్సిఫ్ గారు అక్కడే బండి కాడి మీద కాగితం పెట్టుకుని స్వయంగా ఉత్తర్వు రాశారు. సైదయ్యను వెంటనే విడుదల చేయాలి, గొర్రెలు అతనివే. అమీన్ మీద, పటేల్ మీద విచారణ జరగాలి. అర్జీలు రాసే లక్ష్మీనర్సయ్య ఆరు నెలలు కచేరీ అరుగు ఎక్కరాదు. చివర ఇంకో వాక్యం కూడా రాశారు. అర్జీ చదవకుండా వాయిదా వేసిన తప్పు తనదేనని, ఒక గొర్రెపిల్ల చావుకు ఆ వాయిదాయే కారణమని.

దానియేలు గాభరాపడ్డాడు. "అట్టా రాయకూడదండీ. పైవాళ్లు చూస్తారు."

"చూడనీ" అని సంతకం పెట్టారు.

గంటకల్లా సైదయ్య బయటికి వచ్చాడు. నాలుగు రోజుల్లో మనిషి సగమయ్యాడు. తిన్నగా గొర్రెల్లోకి పోయి ఒక్కోదాని వీపు నిమిరాడు. ఎవరో చెప్పినట్టున్నారు, తర్వాత నా దగ్గరికి వచ్చి కాళ్లకు వంగబోయాడు.

"మిర్యాలగూడ దాక పోయినవంట. నీ పుణ్యమే అయ్యా."

వెనక్కి జరిగాను. ఆ దండం పుచ్చుకుంటే ఇక జన్మలో నిద్ర పట్టదు. "సైదయ్యా, నిన్ను లోపలేసిన కాగితం రాసిందే నేను. ముద్రలు ముందే ఉన్నయని చూసి కూడ రాసిన" అన్నాను.

సత్తమ్మ చేతిలో ఉన్న పాలగుడ్డ అలాగే ఉండిపోయింది. సైదయ్య నా మొహంలోకి చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. అతను పిల్ల లేని గొర్రె దగ్గరికి పోయి గొంతుకూర్చుని, మోకాళ్ల మధ్య దాన్ని ఆనించుకుని, బిగిసిన పొదుగు మీద చెయ్యి వేశాడు. నొప్పికి అది ఎగిరింది. దగ్గర్లో పాలు చాలక మూలుగుతున్న బక్కపిల్ల ఒకటి ఉంది.

"పంతులూ" అని పిలిచాడు, తల తిప్పకుండా. "ఊకె నిలబడ్డవేంది. ఆ పిల్లను ఇటు పట్టుకరా."

తీసుకెళ్లాను. జీవితంలో గొర్రెపిల్లను పట్టుకున్నది అదే మొదలు. గుండె టపటపా కొట్టుకుంటోంది, దానిదో నాదో.

"గట్టిగ గాదు" అన్నాడు సైదయ్య. "మెత్తగ పట్టు. నేర్సుకుంటవ్ తియ్యి."